వర్గమూలం

ఫ్రీదా కాలో బొమ్మ ఉన్న గుడ్డసంచులు మన పుస్తక ప్రదర్శనల్లో, కేఫుల్లో ఎంత మామూలైపోయాయో మీకూ తెలుసు. నా దగ్గరా ఒకటుంది. కలిసిపోయిన కనుబొమలు, జడ చుట్టూ పూలు, ఒంటిమీద నిండుగా కుట్టుపని ఉన్న చదరపు రవిక. ఆ ముఖం ఎవరిదని అడిగితే ఎవరైనా చెప్తారు. ఆ రవిక ఎవరు కుట్టారో ఎవరికీ తెలీదు. అసలు ఆ ప్రశ్న నాకు తట్టడానికే చాలా ఏళ్ళు పట్టింది.

ఆ రవికని హ్విపిల్ అంటారు. ఫ్రీదాకి బాగా ఇష్టమైనవి మెక్సికో దక్షిణాన, వహాకా రాష్ట్రంలోని తెహువాంతెపెక్ ప్రాంతపు ఆడవాళ్ళు వేసుకునే రకం. 1954లో ఆమె చనిపోయాక ఆ బట్టలన్నీ ఆమె ఇంట్లోనే ఒక గదిలో ఉండిపోయాయి. 2004 దాకా ఆ గది తలుపు తెరవలేదు. 2018లో వాటిలో కొన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాకా వెళ్ళాయి. జనం టికెట్ కొనుక్కుని వచ్చింది ఫ్రీదా బట్టలు చూడ్డానికి. వేసుకున్న మనిషి పేరు బట్టకి అంటుకుంది. కుట్టిన మనిషి పేరు అంటుకోలేదు.

ఫ్యాషన్ బ్రాండు వచ్చేసరికి మూడో పేరొకటి చేరుతుంది. ఆ పేరున్న మనిషి బట్ట వేసుకోనూ అక్కర్లేదు, కుట్టనూ అక్కర్లేదు. అయినా మెడ వెనక కుట్టిన చిన్న గుడ్డముక్క మీద ఉండేది ఆ పేరే. ఈ వ్యాసం ఆ మూడో పేరు గురించి. కార్లా ఫెర్నాండెస్ అనే మెక్సికన్ డిజైనర్ పనిని ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఆమెనే ఎందుకు ఎంచుకున్నానంటే, ఈ ప్రశ్నని తప్పించుకోకుండా ఎదురుగా నిలబడినవాళ్ళలో ఆమె ఒకరు. అలాంటివాళ్ళనే కాస్త గట్టిగా చదవాలి. ఊరికే కాపీ కొట్టినవాళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏం ఉండదు.

ఫెర్నాండెస్ 1973లో ఉత్తర మెక్సికోలోని సాల్తీయోలో పుట్టింది. మ్యూజియంల రంగంలో పనిచేసిన తండ్రితో చిన్నప్పుడే దేశంలో మూలమూలలా తిరిగింది. కళాచరిత్ర చదివింది. 2000 ప్రాంతంలో ‘తాయెర్ ఫ్లోరా’ అనే కార్ఖానా మొదలుపెట్టింది. కార్ఖానా అన్నాను గానీ దానికి ఒక చోటంటూ లేదు. అది ఊరూరికీ వెళ్తుంది. నేతగాళ్ళు, కుట్టుపనివాళ్ళు, తోలుపనివాళ్ళు ఉన్నచోటికే వెళ్ళి, వాళ్ళతో కూర్చుని బట్టలు తయారుచేయడం దాని పద్ధతి. అదే తర్వాత ఆమె పేరుతో ఉన్న బ్రాండు అయింది. 2013లో నెదర్లాండ్స్‌వాళ్ళ ప్రిన్స్ క్లాస్ పురస్కారం వచ్చింది. 2014లో బాస్టన్‌లోని ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియంలో, 2022లో డెన్వర్ ఆర్ట్ మ్యూజియంలో ఆమె పని మీద ప్రదర్శనలు జరిగాయి. ఫ్యాషన్ ఒక ప్రతిఘటన అంటూ ఒక మానిఫెస్టో కూడా రాసుకుంది. డిజైనర్లు మానిఫెస్టోలు రాసుకోవడం అరుదేం కాదు. ఆ మానిఫెస్టోని బట్టల పక్కన పెట్టి సరిచూసేవాళ్ళు అరుదు. నేను చేయబోయేది ఆ పనే.

ముందు బట్టల గురించి.

మెక్సికో ఆదివాసీ దుస్తుల్లో తనకి కనిపించిన సూత్రానికి ఫెర్నాండెస్ పెట్టిన పేరు స్పానిష్‌లో ‘రాయీస్ కువాద్రాదా’. మన హైస్కూల్ లెక్కల భాషలో వర్గమూలం. సూత్రం ఇది: ఆ దుస్తులన్నీ చతురస్రాలు, దీర్ఘ చతురస్రాలే. వాటిని మడిచి, కుచ్చి, అతికి ఒంటికి సరిపోయేలా చేస్తారు. వాటిని వంపులుగా కత్తిరించరు.

దీని వెనక కారణం మగ్గంలో ఉంది. అక్కడి ఆడవాళ్ళు శతాబ్దాలుగా నేస్తున్నది నడుముకి కట్టుకునే మగ్గం మీద. పడుగు ఒక కొస చెట్టుకో స్తంభానికో కడతారు. రెండో కొస నేసే మనిషి నడుము చుట్టూ తిరిగిన పట్టీకి ఉంటుంది. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకి వంగితే వదులవుతుంది. బట్ట పన్నా ఎంతుండాలన్నది ఆమె చేతులు ఎంతదూరం అందితే అంత. ఆ మగ్గం మీంచి దిగే బట్టకి నాలుగు వైపులా అంచు ఉండేలా నేయొచ్చు, ఏ పక్కా పోగులు ఊడవు. అలా ఒక మనిషి ఒంటి కొలతతో పుట్టిన బట్టని కత్తెర పెట్టి కోయడానికి చెయ్యి రాదు. అందుకని రెండో మూడో పలకలు పక్కపక్కన పెట్టి అతుకుతారు. మెడకి సందు వదులుతారు. అదే హ్విపిల్.

ఆ అతుకు దగ్గరే కుట్టుపని మొదలవుతుంది. రెండు పలకల్ని కలిపే కుట్టుని ‘రాందా’ అంటారు. అది రంగురంగుల దారాలతో దట్టంగా, ఒక జరీ అంచులా కనిపిస్తుంది. చూసేవాళ్ళకి అలంకారం, బట్టకి అది వెన్నెముక. దాన్ని విప్పేస్తే హ్విపిల్ ఉండదు, రెండు తువాళ్ళు మిగుల్తాయి. ఇది చదివాక నాకు ఒక విషయం తెలిసొచ్చింది. ఎంబ్రాయిడరీ అంటే అప్పటికే తయారైన బట్టమీద తర్వాత వేసే పువ్వు అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇక్కడ కుట్టుపని చాలాసార్లు నిర్మాణంలో భాగం.

చీర తెలిసిన మనకి ఇదంతా మరీ కొత్తేం కాదు. కత్తెర తగలని బట్ట, కుచ్చిళ్ళతో ఒంటికి అమరే బట్ట, ఎవరి కొలతకైనా సరిపోయే బట్ట. మనం రోజూ చూసే పద్ధతే. కాకపోతే మనం దాన్నెప్పుడూ ఒక జామెట్రీగా చూసి ఉండం.

ఫెర్నాండెస్ బలం ఈ వ్యాకరణాన్ని పట్టుకోవడంలో ఉంది. ఆమె కోట్లు, గౌన్లు, పొంచోలు ఫొటోల్లో, వీడియోల్లో చూస్తుంటే మొదట కంటికి తగిలేది పువ్వులూ పక్షులూ కాదు. ఒక పెద్ద దీర్ఘ చతురస్రం భుజం దగ్గర మడత తీసుకుని చేయిగా ఎలా మారిందన్నది ముందు కనిపిస్తుంది. చాలా బట్టలు జానపద నృత్యం డ్రెస్సుల్లా ఉండవు. కొన్నైతే జపాన్ డిజైనర్ల పనిలా కనిపిస్తాయి. అందులో ఆశ్చర్యం లేదు, కిమోనో కూడా దీర్ఘ చతురస్రాల బట్టే. కుట్టుపని వచ్చినచోట దానికో పని ఉంటుంది: ఒక అతుకుని మోయడం, ఒక మడతని ఆపడం, ఒక అంచుని బరువుగా చేసి కిందికి లాగడం. అలంకారానికి ఉద్యోగం ఇచ్చింది అనొచ్చు.

ఇది ఎంత పెద్ద తేడానో తెలియాలంటే మిగతావాళ్ళు ఏం చేశారో చూడాలి.

2015లో ఫ్రెంచ్ డిజైనర్ ఇజబెల్ మరాన్ కలెక్షన్‌లో ఒక జాకెట్టు వచ్చింది. తెల్లబట్ట, మెడ చుట్టూ ఛాతీ మీదా ఎరుపు నలుపు దారాల కుట్టు. వహాకా కొండల్లో సాంతా మరియా త్లాహ్వితోల్తెపెక్ అనే మిహే తెగ ఊరుంది. అక్కడి ఆడవాళ్ళు వేసుకునే జాకెట్టు అచ్చం అదే. ఊరివాళ్ళు బహిరంగంగా నిరసన చెప్పారు. కథలో అసలు మలుపు తర్వాత వచ్చింది. పారిస్‌లోనే ఉన్న మరో కంపెనీ, ఆంటిక్ బాటిక్, ఆ డిజైన్ తనదంటూ మరాన్ మీద కోర్టుకి వెళ్ళింది. మరాన్ తరఫువాళ్ళు ఏమన్నారంటే, అది ఆ కంపెనీదీ కాదు, మాదీ కాదు, మెక్సికోలో ఫలానా ఊరిది అని. 2015 డిసెంబరులో కోర్టు ఆంటిక్ బాటిక్ దావా కొట్టేసింది. రెండు పారిస్ కంపెనీల తగాదాలో ఆ ఊరు ఒక సాక్ష్యంగా పనికొచ్చింది. కక్షిదారుగా మాత్రం ఆ ఊరికి చోటు లేదు. ‘ఇది ఎవరిదో మాకు తెలుసు’ అని ఒప్పుకోవడమే తప్పించుకునే దారి అయిన సందర్భం నేనింకోటి వినలేదు.

2016లో రాప్సోదియా అనే అర్జెంటీనా బ్రాండు వంతు. వహాకాలోనే సాన్ ఆంతోనినో కాస్తీయో వెలాస్కో అనే ఊళ్ళో ఒక కుట్టుంది. ఛాతీ దగ్గర కుచ్చిళ్ళ మీద వరసగా చేతులు పట్టుకుని నిలబడ్డ చిట్టిచిట్టి మనుషుల బొమ్మలు వస్తాయి. దాని పేరే ‘చేతనైతే నన్ను కుట్టు’ అని. పేరులోనే సవాలుంది. ఆ కుట్టుని వాడుకున్నారన్న గొడవ అది. 2019 జూన్‌లో మెక్సికో సాంస్కృతిక మంత్రి అలెహాంద్రా ఫ్రౌస్తో నేరుగా న్యూయార్క్‌లోని కరోలినా హెరెరా సంస్థకి ఉత్తరం రాసింది. ఆ యేడు రిసార్ట్ కలెక్షన్‌లో టెనాంగో కుట్టుపని, తెహువాంతెపెక్ పూలు, సాల్తీయో చారల దుప్పటి అన్నీ ఉన్నాయి, వీటి వెనక ఉన్న సమూహాలకి ఏం దక్కుతోందో చెప్పండి అని. సంస్థ సమాధానం: ఇది మెక్సికోకి మా నివాళి. 2020లో మళ్ళీ ఇజబెల్ మరాన్‌కి ఇంకో ఉత్తరం వెళ్ళింది. ఈసారి ఆమె క్షమాపణ చెప్పింది.

ఈ కథలన్నిట్లో ఒక పోలిక ఉంది. అందరూ తీసుకెళ్ళింది బొమ్మని. ఫొటోలో పట్టేదాన్ని, ప్రింటులోకి దించగలిగేదాన్ని, మిషను మీద తీయగలిగేదాన్ని తీసుకెళ్ళారు. మా భాషలో చెప్పాలంటే స్క్రీన్‌షాట్ తీసుకెళ్ళారు, సోర్స్ కోడ్ వాళ్ళకి అక్కర్లేదు. ఫెర్నాండెస్ సోర్స్ కోడ్ చదివింది. దాన్ని చదవాలంటే ఆ మనుషుల పక్కన కూర్చోక తప్పదు. మడత ఎటు తిరగాలో, దారం ఎంత బిగించాలో ఫొటో చెప్పదు. అంటే ఆమె నిజాయితీకి ఆమె మంచితనం ఒక్కటే పూచీ కాదు, ఆమె పద్ధతి కూడా పూచీయే. నాకు ఆమె పనిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మనుషుల మంచితనం మీద ఆధారపడే ఏర్పాట్లు ఎక్కువకాలం నిలవవు. పద్ధతిలోనే గౌరవం ఇమిడి ఉంటే కొంచెం నిలుస్తాయి.

ఇక మానిఫెస్టో దగ్గరికి వద్దాం. నా పేచీ అక్కడ.

అందులో మళ్ళీ మళ్ళీ వినిపించే ఆలోచన మూలానికి వెళ్ళడం గురించి. కొత్తదనం కావాలంటే మొదటికి, వేరు దగ్గరికి వెళ్ళాలంటుంది. సంప్రదాయం కదలకుండా ఉండేది కాదనీ, ఫ్యాషన్ ఒక సీజన్‌తో పోయేది కానక్కర్లేదనీ అంటుంది. రెండో మాటతో నాకు గొడవ లేదు, బాగుంది కూడా. మొదటి మాట దగ్గరే ఆగిపోతాను. మూలం అంటే ఎక్కడ?

టెనాంగో కుట్టుపనినే తీసుకుందాం. హెరెరా వివాదంలో ఉన్నది అదే. ఫొటోలు చూస్తే మీరూ గుర్తుపడతారు: తెల్లబట్ట మీద ఎర్రగా, నీలంగా, గులాబీగా మెరిసిపోయే జింకలు, నెమళ్ళలాంటి పక్షులు, పూలు పుట్టుకొచ్చే జంతువులు. చూడగానే వేల ఏళ్ళనాటిదేమో అనిపిస్తుంది. మధ్య మెక్సికోలోని ఇదాల్గో రాష్ట్రంలో టెనాంగో దె దోరియా చుట్టుపక్కల ఒతోమీ తెగవాళ్ళ పని ఇది. ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో ఇది మొదలైంది 1960లలో. వానల్లేక పంటలు పోయాయి. తిండికి కటకట వచ్చినప్పుడు, తమ జాకెట్ల మీద వేసుకునే పాత కుట్టుని పెద్ద గుడ్డల మీదికి తెచ్చి, బొమ్మలు గీసి, కుట్టి, బయట అమ్మడం మొదలుపెట్టారు. ఆ కుట్టులో కూడా లెక్క ఉంది. దారం దాదాపు అంతా పైవైపే కనిపిస్తుంది, వెనకవైపు వృథా తక్కువ. చాలాచోట్ల బొమ్మ గీసేవాళ్ళు వేరు, కుట్టేవాళ్ళు వేరు. గీతకి ఒక కూలి, కుట్టుకి ఒక కూలి.

అంటే ఆ ‘ప్రాచీన’ సంప్రదాయం వయసు అరవై ఏళ్ళు దాటిందంతే. అది పుట్టింది గుళ్ళో కాదు, బజారు కోసం, ఆకలి వల్ల. అందులో రచయిత ఎవరంటే ఊళ్ళోనే జవాబు ఒక్కటి కాదు.

ఫ్రీదా వేసుకున్న తెహువాంతెపెక్ హ్విపిల్ సంగతి ఇంకా తమాషా. నల్ల వెల్వెట్ మీద పెద్దపెద్ద పూలున్న రకం ఉంది చూశారా, దానిమీద మనీలా శాలువాల ప్రభావం ఉందంటారు. 1565 నించి 1815 దాకా ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య నడిచిన స్పానిష్ ఓడల్లో చైనా పట్టు, చైనా కుట్టుపని దిగుమతయ్యేవి. ఆ పూలు పసిఫిక్ సముద్రం దాటొచ్చిన పూలన్నమాట. ఇంకో రకం ఉంది: ఎరుపు పసుపు గీతలతో లెక్కల పుస్తకంలా ఉంటుంది. అది గొలుసు కుట్టు. దాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్నించే కుట్టుమిషను మీద వేస్తున్నారు. ఫ్రీదా వేసుకున్నవాటిలో అలాంటివీ ఉన్నాయి.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ‘మూలం’ అన్న మాట ఈ ఆడవాళ్ళని ఒక చోట నిలబెట్టేస్తుంది. వాళ్ళు వేరు, డిజైనర్ కొమ్మ. వాళ్ళు గతం, ఆమె భవిష్యత్తు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి రావడం ఆమె ప్రయాణం, వాళ్ళకి ప్రయాణం లేదు. చరిత్ర చూస్తే వాళ్ళు ఎప్పుడూ కదుల్తూనే ఉన్నారు. ఓడలో వచ్చిన పువ్వుని తీసుకున్నారు, మిషనుని తీసుకున్నారు, కరువులో కొత్త సరుకు కనిపెట్టి బజారుకి తెచ్చారు. టెనాంగోలో మొదట గుడ్డమీద జింకని పెద్దగా గీసి అమ్మిన మనిషిని మనం ‘సంప్రదాయ కళాకారులు’ అంటాం. అదే పని నగరంలో ఎవరైనా చేస్తే ‘ఫౌండర్’ అంటాం. రెండూ ఒకే పని.

సంప్రదాయం కదుల్తుందని మానిఫెస్టో చెప్తుంది నిజమే. చెప్పాక కూడా కదిలించే చెయ్యి ఎవరిదన్న దగ్గర డిజైనర్ వైపే చూస్తుంది. 2014 బాస్టన్ ప్రదర్శనకి పెట్టిన పేరు ‘చెప్పుల్లేని డిజైనర్’ అని. ఊళ్ళోకి, మట్టిలోకి వెళ్ళి పనిచేసేదని అర్థం. మంచి ఉద్దేశమే. కానీ ఆ గదిలో చెప్పులు విప్పడం ఒక నిర్ణయం అయ్యేది ఒక్కరికే.

ఇక్కడ తెలుగు నాకో సాయం చేసింది. స్పానిష్‌లో ఆ పేరుకి రెండర్థాలు: లెక్కల్లో స్క్వేర్ రూట్, మామూలుగా చదరపు వేరు. తెలుగులోకి తెస్తే మూడోది వచ్చి కూర్చుంది. వర్గమూలం. వర్గం అంటే చతురస్రం, వర్గం అంటే క్లాసు. మ్యూజియంల మనిషి కూతురు, చదువుకున్నది, ఇంగ్లీషు తెలిసినది ఊరికి వెళ్ళి వ్యాకరణం నేర్చుకుని రాగలదు. ఊళ్ళో కుట్టే ఒతోమీ మనిషి మెక్సికో సిటీకి వచ్చి ఫెర్నాండెస్ దగ్గర బ్రాండు నడిపే వ్యాకరణం అదే తేలికతో నేర్చుకుని వెళ్ళగలదా? రెండు వైపులా దారి ఉంటేనే దాన్ని మార్పిడి అనగలం.

మెక్సికో ప్రభుత్వం ఈ చిక్కుని చట్టంతో విప్పాలని చూసింది. 2022 జనవరి 17న ఒక ఫెడరల్ చట్టం ప్రచురించారు. ఆదివాసీ, ఆఫ్రో-మెక్సికన్ సమూహాలు తమ సాంస్కృతిక సంపదకి ఉమ్మడి యజమానులని, వాళ్ళ అనుమతి లేకుండా వాడుకుంటే శిక్ష అని. జైలు దాకా ఉంది. దీనికి రెండు నెలల ముందు నించే ‘ఒరిహినాల్’ అనే పేరుతో మెక్సికో సిటీలో చేతిపనివాళ్ళ ప్రదర్శనలు కూడా మొదలయ్యాయి. దొంగతనం ఆపడానికి చట్టం అవసరమే. కానీ చట్టం ‘ఇది ఎవరిది’ అని అడుగుతుంది. సమూహానిది అని జవాబు వస్తే ఊరుకుంటుంది. సమూహంలో గీసినదెవరు, కుట్టినదెవరు, పొరుగూరివాళ్ళు అదే కుట్టు వేస్తే ఏంటి, ఒకావిడ పాత జింక బదులు విమానం కుట్టాలనుకుంటే ఎవరిని అడగాలి? సమూహం అన్న మాట కూడా ఒక మనిషి పేరుని దాచగలదు.

నేను పనిచేసే రంగంలో ఈ గొడవ పాతదే. ఓపెన్ సోర్స్ కోడ్ ఎంత పెద్ద ఉమ్మడి సొత్తయినా ప్రతి లైను ఎవరు రాశారో చరిత్రలో ఉంటుంది. కోడ్ అందరిదీ, ఆ లైను మాత్రం ఫలానా మనిషిది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావని మాకు అలవాటైపోయింది. అయితే అదే రంగంలో ఇంకో పాఠమూ ఉంది. పేరు నమోదవడం వేరు, ఏది చేర్చాలో ఏది వద్దో తేల్చే అధికారం వేరు. వేలమంది పేర్లుంటాయి, అవునూ కాదూ అనేది ఏ నలుగురో. ఫెర్నాండెస్ బ్రాండు చేతిపనివాళ్ళ ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు చెప్పే అలవాటున్న బ్రాండు. చాలామందికన్నా ఎంతో మెరుగు. నాకు తెలియాల్సింది రెండోది. ఒక డిజైన్ నచ్చక కుట్టే ఆవిడ ‘ఇది వద్దు’ అంటే ఆ కోటు ఆగిపోతుందా? ఆ జవాబు మానిఫెస్టోలో ఉండాల్సింది.

ఇంతదూరం వచ్చాక నాకే ఒక అనుమానం. నేను మరీ ఎక్కువ అడుగుతున్నానా? ఆమె లేకపోతే ఆ ఆడవాళ్ళకి ఏం మిగిలేది? బజార్లో టూరిస్టు బేరం. నెలలు పట్టిన కుట్టుని చూసి సగానికిస్తావా అనే మాట. బ్రాండు అన్నది ఆ బేరాన్ని ఆపే గోడ కూడా. మెడ వెనక పేరుంటే ధర గురించి వాదించరు. ఆ పేరుని ఇరవై ఏళ్ళపైగా నిలబెట్టడం, సీజన్ల లెక్కన పరిగెత్తే వ్యాపారంలో చేతి వేగంతో పనిచేయిస్తానని పంతం పట్టడం ఎంత కష్టమో ఏదైనా ఒక చిన్న ప్రోడక్ట్ మార్కెట్లోకి తెచ్చినవాళ్ళకి తెలుస్తుంది. ఆడదై ఉండి తెచ్చినవాళ్ళకి ఇంకా తెలుస్తుంది. ఫౌండర్ పని కూడా పనే. దాన్ని తీసిపారేస్తే, కుట్టుపనిని తీసిపారేసేవాళ్ళకీ నాకూ తేడా ఉండదు.

ఇదంతా ఒప్పుకుంటూనే నా మాట ఇలా తేల్చుకున్నాను: ఫెర్నాండెస్ బట్టలు ఆమె మానిఫెస్టోకన్నా ముందున్నాయి. మానిఫెస్టో ఇంకా వేరు, కొమ్మ అంటోంది. బట్టల్లో మాత్రం అలాంటి పైకిందులు లేవు. రెండు పలకలుంటాయి, పక్కపక్కన. రెంటికీ సొంత అంచులున్నాయి. మధ్యలో ఒక రాందా, అదీ దాచిపెట్టిన అతుకు కాదు, అందరికీ కనపడేలా రంగుదారంతో వేసింది. ఇవి రెండు ముక్కలు, ఇక్కడ కలిశాయి, కలపడానికి ఇంత పని పట్టింది అని ఆ కుట్టు బాహాటంగా చెప్తుంది. డిజైనర్‌కీ కుట్టేవాళ్ళకీ మధ్య సంబంధం ఎలా రాసుకోవాలో ఆమె చేతిలో ఉన్న బట్టే చూపిస్తోంది. ఆ రాతలో ఇద్దరి పేర్లూ ఒకే సైజులో ఉంటాయి, ధర ఎలా పంచుకున్నారో ఉంటుంది, వద్దనే హక్కు ఎవరికుందో ఉంటుంది.

ఈ వ్యాసం సగం రాసి పక్కన పెట్టిన రోజుల్లో మా చెల్లి పెళ్ళి బ్లౌజులు తేవడానికి బొటిక్‌కి వెళ్ళాను. మగ్గం వర్క్. మోచేతి దాకా నెమళ్ళు, మధ్యమధ్యలో పూసలు. చాలా బాగుంది. బిల్లు కట్టేటప్పుడు, ఇది ఎవరు చేశారండీ అని అడిగాను. “మా వర్కరే” అందావిడ, నవ్వుతూ, నేను పని బాగాలేదంటానేమో అన్నట్టు. పేరేంటి అని అడగబోయి ఎందుకో ఆగిపోయాను. లోపలి గదిలో చెక్క ఫ్రేముకి బిగించిన బట్టమీద వంగి ఒకతను కుట్టుకుంటున్నాడు. తలుపు సగమే తీసుంది, నాకు అతని వీపు మాత్రమే కనిపించింది. ఇంటికొచ్చాక చెల్లి బ్లౌజు తిరగేసి చూసింది. మెడ వెనక బొటిక్ పేరుంది.